ముక్కు రక్తం ఒకరిది, పరీక్ష ఇంటిల్లిపాదికీ

ముక్కు నుంచి రక్తం కారితే మన ఇళ్లలో ముందు వచ్చే మాట ‘వేడి చేసింది’. నెత్తిన చల్లటి నీళ్లు పోస్తారు, తల వెనక్కి వాల్చమంటారు, ఉల్లిపాయ కోసి వాసన చూపిస్తారు, ఆ పూటకి మజ్జిగన్నం పెడతారు. చాలామంది పిల్లల్లో విషయం అక్కడితో అయిపోతుంది కూడా. ముక్కు లోపలి పొర ఎండిపోవడం, వేలితో గెలకడం, జలుబు, ఇలా కారణాలు చిన్నవే. కానీ కొన్ని ఇళ్లలో ఇది ఒక ఎండాకాలంతో పోదు. తాతగారి భుజం మీద ఎప్పుడూ తువ్వాలు ఉండేది, నాన్న దిండు గలీబు మీద మరకలు ఉండేవి, ఇప్పుడు కొడుక్కి స్కూల్లో యూనిఫాం మీద పడుతోంది. ‘మా వంశంలో అందరిదీ వేడి శరీరమే’ అని ఆ ఇంటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. అందులో ‘వేడి’ మాట పొరపాటు కావచ్చు. ‘వంశం’ మాట మాత్రం డాక్టరు చెవిన పడి తీరాలి.

ఆ మాట వెనక ఉండే అవకాశమున్న జబ్బు పేరు హెరిడిటరీ హెమరేజిక్ టెలాంజియెక్టేసియా. పలకడం కష్టం కాబట్టి డాక్టర్లూ రోగులూ హెచ్‌హెచ్‌టీ అంటారు. పాత వైద్య పుస్తకాల్లో ఆస్లర్-వెబర్-రాండూ జబ్బు అని ఉంటుంది. 1896లో ఫ్రెంచ్ వైద్యుడు ఆన్రీ రాండూ ఇది రక్తం గడ్డకట్టని హిమోఫీలియా కాదు, వేరే జబ్బు అని తేల్చాడు. 1901లో విలియం ఆస్లర్, 1907లో పార్క్స్ వెబర్ ఇలాంటి కుటుంబాల గురించి రాశారు. ప్రపంచంలో సుమారు 5,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. అదే నిష్పత్తి ఇక్కడా వర్తిస్తుందనుకుంటే దాదాపు 17 వేల మంది అవుతారు. ఇది సర్వే చేసి తేల్చిన అంకె కాదు, భాగహారం మాత్రమే. అయినా వాళ్లలో ఎక్కువమంది ఏ ఈఎన్‌టీ డాక్టరు దగ్గరో ముక్కులో గాజ్ గుడ్డ పెట్టించుకుని, ఐరన్ మాత్రలు రాయించుకుని ఇంటికి వెళ్లిపోతుంటారని ఊహించడం కష్టమేమీ కాదు. ఇటలీలో 2012లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి జబ్బు పేరు తెలిసే రోజుదాకా సగటున 25 ఏళ్లకు పైగా గడిచాయి. పాతికేళ్లంటే ఒక తరం. రోగికి తన జబ్బు పేరు తెలిసేసరికి అది పిల్లల్లోకి వెళ్లిపోయి ఉంటుంది.

కాలువ తెగి డ్రెయిన్‌లో పడితే

ఈ జబ్బులో రక్తానికి లోపమేమీ ఉండదు. ప్లేట్‌లెట్లు సరిపడా ఉంటాయి, గడ్డకట్టే పరీక్షలన్నీ నార్మల్ వస్తాయి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క మన దగ్గర ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే ఆ అంకె బాగుందనగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, వెతకడం అక్కడితో ఆపేస్తారు. లోపం ఉన్నది రక్తనాళాల కట్టుబడిలో.

గోదావరి డెల్టాలో పంట కాలువ ఎలా పారుతుందో గుర్తుచేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద కాలువలో నీరు ఒత్తిడితో వస్తుంది. పిల్ల కాలువల్లోకి చీలి, బోదెల్లోకి పాకి, చేనంతా తడిపి, వేగం తగ్గాక మెల్లగా మురుగు కాలువలోకి దిగుతుంది. ఒంట్లో ధమని పంట కాలువ అయితే, సిర మురుగు కాలువ. మధ్యలో ఉండే సన్నటి కేశనాళికలే బోదెలు. హెచ్‌హెచ్‌టీలో అక్కడక్కడా ఈ బోదెలు ఏర్పడవు. ధమని నేరుగా సిరలోకి తెగిపోతుంది. అంత ఒత్తిడి తట్టుకునేలా సిర గోడ కట్టి ఉండదు కాబట్టి అది ఉబ్బుతుంది, పలచబడుతుంది, కొంచెం తగిలినా చిట్లుతుంది.

ఇవి చిన్నవైతే ఎర్రటి చుక్కల్లా పెదవుల మీద, నాలుక మీద, వేళ్ల కొసల మీద, ముక్కు లోపల కనిపిస్తాయి. వేలితో నొక్కితే పాలిపోయి, వదలగానే మళ్లీ ఎర్రబడతాయి. పెద్దవైతే ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, మెదడులో ఉంటాయి. వీటిని ఏవీఎంలు అంటారు. పైకి కనిపించే చుక్కలు ఇబ్బంది పెడతాయి. ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా లోపలి ఏవీఎంలే.

ఊపిరితిత్తుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, కుటుంబం మొత్తానికి పరీక్షలు చేయడానికి అసలు కారణం అక్కడే ఉంది. ఊపిరితిత్తులు గాలి మార్చడంతో పాటు జల్లెడ పని కూడా చేస్తాయి. కాళ్ల సిరల్లో పుట్టిన చిన్న రక్తపు గడ్డ, పళ్లు తోముకుంటున్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తంలోకి దూరిన బ్యాక్టీరియా మెదడుకు చేరకుండా అక్కడి కేశనాళికల్లో ఆగిపోతాయి. ఏవీఎం ఉందంటే ఆ జల్లెడకు చిల్లు పడినట్టే. గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం, బ్యాక్టీరియా చేరితే చీముగడ్డ. అప్పటిదాకా ఆ మనిషికి ఆయాసం ఉండకపోవచ్చు. మెట్లెక్కుతాడు, పొలం పని చేస్తాడు, క్రికెట్ ఆడతాడు. తొలి లక్షణమే పక్షవాతం కావచ్చు, అదీ ముప్పై, నలభై ఏళ్ల వయసులో. హెచ్‌హెచ్‌టీ ఉన్నవారిలో మూడో వంతు నుంచి సగం మందిదాకా ఊపిరితిత్తుల్లో ఏవీఎంలు ఉంటాయి. వాటిని ముందే పట్టుకుంటే మూసేయడానికి దారి ఉంది. అందుకే ఈ ఒక్క పరీక్ష విషయంలో నిపుణుల మధ్య పెద్దగా వాదన లేదు.

నాలుగు ప్రశ్నలు

జబ్బును గుర్తించే ప్రమాణాలకు కరీబియన్ దీవి కురసావ్ పేరు పెట్టారు. 2000లో ప్రచురితమైన ఈ ప్రమాణాలు నాలుగే. ముక్కు నుంచి తనంతట తానే, మళ్లీ మళ్లీ రక్తం కారడం ఒకటి. పెదవులు, నోరు, వేళ్లు, ముక్కు లాంటి చోట్ల ఎర్రటి చుక్కలు ఉండడం రెండోది. లోపలి అవయవాల్లో ఏవీఎంలు గానీ, పేగుల్లో ఇలాంటి చుక్కలు గానీ ఉండడం మూడోది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండడం నాలుగోది. మూడు కలిస్తే జబ్బు ఉన్నట్టే. రెండుంటే అనుమానించాలి. ఒకటే ఉంటే అవకాశం తక్కువ.

వీటిలో మూడింటికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు. వెలుతురులో నాలుక బయటపెట్టమని, అరచేతులు చూపించమని అడిగితే చాలు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగితే చాలు. వంద మంది కూర్చున్న ఓపీలో డాక్టరుకు టైమ్ ఉండదన్నది నిజమే. కానీ ఈ ప్రశ్నకు అర నిమిషం పడుతుంది, అడగకపోతే పాతికేళ్లు పోతాయి.

పిల్లల విషయంలో ఈ ప్రమాణాలను నమ్ముకుని కూర్చోకూడదు. ముక్కు రక్తం సగటున పన్నెండేళ్ల ప్రాంతంలో మొదలవుతుంది. చుక్కలు చాలామందిలో ఇరవై, ముప్పై దాటాక గానీ తేటగా కనిపించవు. ఏవీఎం మాత్రం చిన్నప్పుడే ఉండొచ్చు. ఆరేళ్ల పాపకు ముక్కు నుంచి రక్తం కారట్లేదు, చుక్కలు లేవు కాబట్టి జబ్బు రాలేదని చెప్పడం తొందరపాటు.

మన దగ్గర ఈ జబ్బును కప్పేసే మరో పొర రక్తహీనత. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. అంతమందికి ‘రక్తం తక్కువ’ ఉన్నచోట ముక్కు నుంచో, పేగుల నుంచో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా రక్తం పోగొట్టుకుంటున్న ఒక మనిషి విడిగా ఎలా కనిపిస్తుంది? ఐరన్ మాత్రలు నెలల తరబడి సరిగా వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే తిండి గురించి మందలించడం ఆపి, రక్తం ఎక్కడికి పోతోందో వెతకాలి. ఐరన్ తక్కువ కావడం నీరసంతో ఆగదు కూడా. ఊపిరితిత్తుల ఏవీఎంలు ఉన్నవారి మీద లండన్‌లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, రక్తంలో ఐరన్ బాగా తగ్గినవారికి పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది.

తెర మీద బుడగలు

జబ్బు ఉందని తేలినా, గట్టి అనుమానం ఉన్నా మొదట చేసేది బబుల్ ఎకో. ఖరీదైన మందేమీ అక్కర్లేదు. రెండు సిరంజిలను ఒక చిన్న మూడు దారుల గొట్టానికి తగిలిస్తారు. ఒకదాంట్లో సెలైన్, కాస్త గాలి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వేగంగా నెడితే సెలైన్ తెల్లగా నురగలా అవుతుంది. దాన్ని వెంటనే చేతి సిరలోకి ఎక్కిస్తారు. రోగి ఎడమవైపు తిరిగి పడుకుని ఉంటాడు, ఛాతీ మీద ఎకో ప్రోబ్ ఉంటుంది. ఒకటి రెండు క్షణాల్లో తెర మీద గుండె కుడి గదులు మంచు కురిసినట్టు తెల్లబడతాయి. అక్కడి నుంచి అందరి చూపూ ఎడమవైపే. ఊపిరితిత్తుల జల్లెడ బాగుంటే బుడగలన్నీ అక్కడే కరిగిపోతాయి, ఎడమ గదులు నల్లగానే ఉంటాయి. మూడు నాలుగు సార్లు గుండె కొట్టుకున్నాక ఎడమవైపు కూడా తెల్ల చుక్కలు తేలితే అవి ఊపిరితిత్తుల్లోని చిల్లు గుండా వచ్చాయన్నమాట. అంతకంటే ముందే కనిపిస్తే గుండె గదుల మధ్య రంధ్రం ఉందేమో చూడాలి.

చుక్కలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి గ్రేడు ఇస్తారు. ముప్పైలోపు ఉంటే ఒకటి, వందలోపు రెండు, వంద దాటితే మూడు. గ్రేడు ఎక్కువైతే ఛాతీకి సీటీ స్కాన్ తీస్తారు, దీనికి కాంట్రాస్ట్ మందు కూడా అక్కర్లేదు. ఏవీఎంలోకి వెళ్లే ధమని రెండు మూడు మిల్లీమీటర్లు, అంతకంటే లావు ఉంటే మూసేయడం మంచిదంటారు. గజ్జల్లోని సిర గుండా సన్నటి గొట్టం పంపి, లోపల లోహపు చుట్టలో, ప్లగ్గో పెట్టి ఆ దారి మూసేస్తారు. ఛాతీ కోయాల్సిన పని లేదు. తర్వాత కొన్ని నెలలకు ఒకసారి, ఆపైన మూడు నుంచి ఐదేళ్లకోసారి సీటీ తీసి, మూసిన దారి మళ్లీ తెరుచుకుందేమో, కొత్తవి పెరిగాయేమో చూస్తారు. మొదటి పరీక్షలో ఏమీ లేకపోయినా పెద్దవాళ్లకు ఐదేళ్లకోసారి మళ్లీ చేయడం మంచిది.

మన దగ్గర ఒక విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. దగ్గులో రక్తం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే ముందు టీబీ గుర్తుకొస్తుంది. టీబీ ఎక్కువ ఉన్న దేశంలో అలా అనుకోవడం సహజం. కానీ ఆ మచ్చ ఏవీఎం అయి, దానిలోకి బయాప్సీ సూది దింపితే పెద్ద రక్తస్రావం కావచ్చు. ముక్కు రక్తం సంగతి, ఇంట్లోవాళ్ల సంగతి అడిగి ఉంటే సూది దాకా వెళ్లరు. కాలేయానికీ ఇదే వర్తిస్తుంది. హెచ్‌హెచ్‌టీ అనుమానం ఉన్నప్పుడు కాలేయానికి బయాప్సీ చేయకూడదు, డాప్లర్ స్కాన్ చాలావరకు సరిపోతుంది.

మెదడు సంగతి ఇంత సూటిగా తేలదు. హెచ్‌హెచ్‌టీ ఉన్నవారిలో సుమారు పది శాతం మందికి మెదడులో ఇలాంటి నాళాలు ఉంటాయి. అవి చిట్లితే ప్రాణాపాయమే. అందుకని అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దలకూ పిల్లలకూ ఒకసారి మెదడు ఎంఆర్‌ఐ తీయమంటాయి. యూరప్‌లో చాలా కేంద్రాలు మాత్రం అందరికీ తీయడానికి వెనకాడతాయి. కనిపించినదాన్ని ఆపరేషన్‌తో తీసేయడంలోనూ ముప్పు ఉంది, ముట్టుకోకుండా వదిలేస్తే రోజూ దాని గురించే టెన్షన్. చిట్లని ఏవీఎంల మీద జరిగి 2014లో ప్రచురితమైన అరూబా ట్రయల్‌లో జోక్యం చేసుకున్నవారి కంటే మందులతో గమనిస్తూ ఉన్నవారే మెరుగ్గా ఉన్నారు. అది హెచ్‌హెచ్‌టీ రోగుల కోసం చేసిన ట్రయల్ కాదు, అయినా దాని నీడ ఈ చర్చ మీద పడింది. ఈ పరిస్థితిలో ఎంఆర్‌ఐ గదిలోకి పంపే ముందే కుటుంబానికి రెండు వైపులా చెప్పి, ఏదైనా కనిపిస్తే తర్వాత ఏం చేస్తారో కూడా చెప్పి, వాళ్ల నిర్ణయం అడగడమే న్యాయం. రిపోర్టు చేతికిచ్చాక చర్చ మొదలుపెట్టకూడదు.

తీగ లాగితే డొంక

ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఇది వాటిలో ఒక్క కాపీ చెడిపోయినా వచ్చే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఒకటే. మేనరికం వల్ల వచ్చిందా అన్న ప్రశ్న మన ఇళ్లలో తప్పక వస్తుంది. కాదు. మేనరికంతో ముప్పు పెరిగేది ప్రధానంగా రెండు కాపీలూ చెడితే గానీ రాని జబ్బులకు. ఇది బయటి సంబంధం చేసుకున్నా వచ్చేదే. అయితే ఈ జబ్బున్న కుటుంబంలో బావామరదళ్లు ఇద్దరికీ అదే మార్పు ఉండి పెళ్లి చేసుకుంటే, బిడ్డకు కనీసం ఒక కాపీ వచ్చే అవకాశం 50 నుంచి 75 శాతానికి పెరుగుతుంది, రెండు కాపీలూ వచ్చే ప్రమాదమూ ఉంటుంది. కాబట్టి పెళ్లి మాటలకు ముందే తెలుసుకోవాల్సిన విషయమే.

ప్రధానంగా మూడు జన్యువులను చూస్తారు. ఈ జబ్బుతో 1994లో ముడిపడిన ఎండోగ్లిన్, 1996లో ముడిపడిన ఏఎల్‌కే1, 2004లో ముడిపడిన స్మాడ్4. ఎండోగ్లిన్‌లో మార్పు ఉంటే ఊపిరితిత్తులు, మెదడులో ఏవీఎంలు ఎక్కువ. ఏఎల్‌కే1లో ఉంటే కాలేయంలో ఎక్కువ. స్మాడ్4 అయితే పేగుల్లో పాలిప్‌లు అనే బుడిపెలు కూడా పెరుగుతాయి, క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి పదిహేనేళ్ల వయసు నుంచే కొలనోస్కోపీ మొదలుపెట్టమంటారు. లక్షణాలు స్పష్టంగా ఉన్నవారిలో నూటికి తొంభై మందికి పైగా మార్పు దొరుకుతుంది.

ఒకే మార్పు ఒకే ఇంట్లో ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడుతుంది, దీన్ని జీర్ణించుకోవడమే కష్టం. తండ్రికి డెబ్బై ఏళ్లు వచ్చినా ముక్కు రక్తం తప్ప మరేమీ ఉండకపోవచ్చు, కూతురికి ముప్పైలోనే మెదడులో చీముగడ్డ రావచ్చు. దీనికి ఒక కారణం 2019లో తెలిసింది. పుట్టుకతో ఒక కాపీ చెడి ఉంటుంది, రక్తనాళంలో ఎక్కడో ఒక కణంలో రెండో కాపీ కూడా దెబ్బతింటే అక్కడ చుక్క ఏర్పడుతుందని పరిశోధకులు చూపించారు. రెండో దెబ్బ ఎవరికి ఎక్కడ తగులుతుందో చెప్పలేం. అందుకే ‘మా నాన్న ఏ పరీక్షా లేకుండా నిక్షేపంగా బతికాడు’ అన్నది కొడుక్కి భరోసా కాదు.

ఇక్కడే చాలా కుటుంబాలు ఒక పొరపాటు చేస్తాయి. ఆత్రం పిల్లల మీద ఉంటుంది కాబట్టి ముందు పిల్లాడి రక్తం పరీక్షకు పంపుతాయి. పిల్లాడికి ఏమీ దొరకలేదనుకోండి, దానికి రెండు అర్థాలు ఉండొచ్చు. జబ్బు రాలేదేమో, లేదా ఆ ఇంట్లో ఉన్న మార్పును ఈ పరీక్ష పట్టుకోలేకపోయిందేమో. ఏదో తెలియదు. ముందు పరీక్షించాల్సింది జబ్బు అందరికంటే స్పష్టంగా ఉన్న మనిషిని, ఆ తాతనో మేనత్తనో. వారిలో మార్పు దొరికితే ఆపైన తీగ లాగినట్టే, డొంకంతా కదులుతుంది. మిగతావాళ్లకు ఆ ఒక్క మార్పు ఉందా లేదా అని చూస్తే చాలు, ఖర్చు కూడా తక్కువ.

లేదని తేలినవాళ్ల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కుటుంబ పరీక్షల్లో అందరికంటే ఎక్కువ మేలు జరిగేది వీళ్లకే. నలుగురు తోబుట్టువుల్లో సగటున ఇద్దరికి రాదు. వాళ్లకు ఇక బబుల్ ఎకోలు వద్దు, ఎంఆర్‌ఐలు వద్దు, ఐదేళ్లకోసారి ఆసుపత్రి వద్దు. వాళ్ల పిల్లలకూ ఈ ముప్పు మామూలు జనాభాకు ఉన్నంతే. జన్యు పరీక్ష వీలుకాని ఇంట్లో మాత్రం, లక్షణాలు లేకపోయినా పిల్లలను జబ్బున్నవారిలాగే చూసి ఊపిరితిత్తుల పరీక్ష చేయించాలి. నలభై దాటాక కూడా ముక్కు రక్తం, చుక్కలు ఏవీ లేకపోతే అప్పుడు కొంత ధైర్యంగా ఉండొచ్చు.

రిపోర్టులో ఒక్కోసారి ‘అర్థం తేలని మార్పు’ అని వస్తుంది. జన్యువులో తేడా ఉంది, అది జబ్బు తెచ్చేదో కాదో ఇంకా తెలియదని దాని భావం. దాన్ని పట్టుకుని పిల్లలకు పరీక్షలు చేయించడం, ‘నీకు లేదు పో’ అని పంపేయడం రెండూ ప్రమాదమే. ఇలాంటి చోటే జెనెటిక్ కౌన్సెలింగ్ పనికొస్తుంది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం సీడీఎఫ్‌డీ కూడా జన్యు పరీక్షల పనిలో ఉంది. రిపోర్టు చదివి అర్థం చెప్పే మనిషి ముందు కూర్చోకుండా ల్యాబ్ కాగితం ఒక్కదాంతో నిర్ణయాలు తీసుకోకూడదు.

పెళ్లి, కాన్పు, పన్ను నొప్పి

పరీక్షలకు అడ్డుపడేది డబ్బు ఒక్కటే కాదు. పెళ్లి సంబంధాలు. ‘వాళ్లింట్లో ఏదో రక్తం జబ్బట’ అన్న మాట ఊళ్లో పడితే అమ్మాయికి సంబంధం రాదన్న భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేం. అందుకని తల్లులు దాస్తారు. కానీ ఆ దాపరికం వల్ల ఎక్కువ నష్టపోయేది ఆ అమ్మాయే. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఊపిరితిత్తుల ఏవీఎంలు పెద్దవై చిట్లవచ్చు. లండన్ బృందం 2008లో వెలువరించిన అధ్యయనంలో ఈ జబ్బున్న తల్లుల కాన్పుల్లో నూటికి సుమారు ఒకటి తల్లి మరణంతో ముగిసింది. అదే అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. ప్రాణం మీదికి వచ్చిన తల్లుల్లో, జబ్బు ఉందని ముందే తెలిసినవారు బతికి బయటపడే అవకాశం ఎక్కువగా ఉంది. ఏడో నెలలో దగ్గితే రక్తం పడిన మనిషిని గంటలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా, దగ్గు మందు ఇచ్చి చూడాలా అన్నది జబ్బు తెలిసి ఉండడం మీదే ఆధారపడుతుంది. కాబట్టి ఊపిరితిత్తుల పరీక్ష పెళ్లికీ కాన్పుకీ ముందే అయిపోవాలి. అప్పటికే గర్భం వచ్చి ఉంటే ప్రసూతి డాక్టరుకు మొదటి విజిట్‌లోనే చెప్పాలి. చాలామంది తల్లులు మామూలుగానే కంటారు, ఇది కూడా అంతే గట్టిగా చెప్పాల్సిన మాట.

ఇక రోజువారీ జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఏవీఎం ఉన్నవారు, మూయించుకున్నవారు కూడా, పన్ను పీకించుకునే ముందు డెంటిస్టుకు ఆ సంగతి చెప్పి యాంటీబయాటిక్ వేసుకోవాలి. సెలైన్ ఎక్కిస్తుంటే గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూడమని నర్సుకు చెప్పాలి, వీలైతే ఫిల్టర్ పెట్టించాలి. స్కూబా డైవింగ్ వద్దు. ఇక ముక్కు కారినప్పుడు తల వెనక్కి వాల్చకూడదు, రక్తం గొంతులోకి జారుతుంది. కూర్చుని కొంచెం ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా పట్టుకుని పది నిమిషాలు వదలకుండా ఉండాలి. మధ్యలో ఆగిందా అని తీసి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. రోజూ సెలైన్ చుక్కలతో ముక్కు తడిగా ఉంచుకుంటే కారడం తగ్గుతుంది. దానికీ లొంగకపోతే ట్రనెక్సమిక్ యాసిడ్ మాత్రలు, లేజర్, మరీ తీవ్రమైతే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ లాంటివి డాక్టర్లు వాడుతున్నారు.

కుటుంబ పరీక్ష మొదలయ్యేది మాత్రం ఒక తెల్ల కాగితం మీద. మూడు తరాలు గీయాలి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, పోయినవాళ్లకు అడ్డగీత. ఒక్కొక్కరి పక్కన రాయాలి: ముక్కు నుంచి రక్తం కారేదా, రక్తం ఎక్కించారా, పక్షవాతం వచ్చిందా, ఏ వయసులో పోయారు. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతులు ఇలాంటప్పుడు పెద్దమ్మమ్మ నోటి నుంచి వస్తాయి. ‘మా తమ్ముడు ముప్పై రెండేళ్లకే పోయాడు, మెదడులో చీము పట్టిందన్నారు. వాడికీ చిన్నప్పటి నుంచి ముక్కు కారేది.’ ఆ రెండు సంగతులనూ అంతవరకు ఎవరూ పక్కపక్కన పెట్టి చూసి ఉండరు.

ఇప్పుడు ఆ కాగితం మీది మనుషులందరూ ఒక ఊళ్లో లేరు. ఒకరు భీమవరంలో, ఒకరు బెంగళూరులో, ఇద్దరు డల్లాస్‌లో ఉంటారు. హెచ్‌హెచ్‌టీ కోసమే నడిచే ప్రత్యేక కేంద్రాలు అమెరికాలో చాలా ఉన్నాయి. అక్కడి తమ్ముడికి ఇక్కడి అక్క నుంచి ‘నాకేదో జన్యు జబ్బట, నువ్వూ చూపించుకో’ అని వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తే అతను ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఏం అడగాలో తెలియక వదిలేస్తాడు. అతనికి కావాల్సింది జన్యు రిపోర్టు పూర్తి ఫోటో, అందులో జన్యువు పేరు, మార్పు కోడు ఉన్న లైను తేటగా కనిపించేలా. ఆ లైను ఉంటే అక్కడి ల్యాబ్ ఆ ఒక్క చోటే చూసి, ఉందో లేదో చెప్పేస్తుంది. దానితో పాటు రోగిని చూసిన డాక్టరు ఒక పేజీ ఉత్తరం రాసివ్వాలి: జబ్బు పేరు, మార్పు వివరం, రక్తసంబంధీకుల్లో ఎవరెవరు పరీక్ష చేయించుకోవాలి, ముందు ఏ పరీక్ష చేయాలి. పది కాపీలు తీసి, ఒకటి పెద్దమ్మమ్మ ఇంటికి కూడా పంపాలి. ఆవిడ తమ్ముడి పిల్లలు అక్కడే ఉంటారు.